పైలిగాడి సంగతి

అంకులి, బరంపురం
ఆదివారం మధ్యాహ్నం

ఏవండీ,

మీ విజయ రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగానే ఉన్నాం. ఆ మంచుకొండల మీద మీకూ, మీతో ఉన్నవాళ్ళకీ ఒంట్లో ఏ నలతా రాకూడదని దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటాను. మీ ఉత్తరం బుధవారం అందింది. వానకి ఒక మూల తడిసి సిరా చెదిరిపోయింది గానీ చదవడానికి ఇబ్బంది కాలేదు. అత్తమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి "మెల్లిగా సదువే, రైలెల్లిపోతన్నట్టు సదవకు" అన్నారు.

నేను ఒడియా బడిలో చదివినదాన్ని. నాకొచ్చిన తెలుగు రాత మా అమ్మ పలక మీద దిద్దించినదే. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. నీళ్ళ మోటారు బాగైంది. పైడన్న తన ఆటోలోనే మెకానిక్కుని ఎక్కించుకుని వచ్చాడు. ఇప్పుడు చప్పుడు తక్కువ, నీళ్ళు ఎక్కువ. అత్తమ్మ బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. నా ఎదురుగా నోట్లో వేసుకుని, నేను అటు తిరగ్గానే ఉమ్మేసే అలవాటు మానిపించాను. మింగాక నోరు తెరిచి చూపిస్తేనే టీ. మేడమీద చీలిక దగ్గర తారు పోయించాను, మొదటి వానకి ఒక్క చుక్క కారలేదు. ఒడియావాళ్ళ రజో పండక్కి ఈసారి జాకెట్లు చాలా వచ్చాయి. వీధిలో ఆడపిల్లలందరూ ఊయలెక్కేది నేను కుట్టిన బట్టలతోనే అని అత్తమ్మ ఇరుగుపొరుగుకి చెప్పుకున్నారు.

ఇక మిగిలింది పైలిగాడి సంగతి. కొత్త మందు పని చేస్తోందా, లేచి తిరుగుతున్నాడా, శ్రావణంలో సెలవు వచ్చింది, నేనొచ్చేదాకా వాణ్ణి ఎలాగైనా చూసుకో అని రాసారు. "ఎలాగైనా" కింద గీత కూడా గీసారు. దానికి జవాబు ఒక్క ముక్కలో రాయడం నా వల్ల కావడం లేదు. మొదట్నించీ రాస్తాను, కూర్చుని చదవండి. ఫోన్లో మీకిచ్చేది రెండు నిమిషాలు. వెనకాల ఎవరో తమ వంతు కోసం దగ్గుతూనే ఉంటారు. ఆ రెండు నిమిషాల్లో నేను చెప్పింది సగం, మింగింది సగం.

మీరు వెళ్ళిన కొత్తలో బాగానే ఉన్నాడు. ముసలి కుక్క కదా, పొద్దున లేచేటప్పుడు వెనక కాళ్ళు ఈడ్చేవాడు, కాస్త ఎండ తగిలాక సర్దుకునేవాడు. పాలబండి చప్పుడికి గేటు దాకా పోయి అరిచి, డ్యూటీ అయిపోయినట్టు వెనక్కొచ్చి పడుకునేవాడు. ఎండలు ముదిరాక నీళ్ళు తాగడం ఎక్కువైంది. వేసవి కదా అనుకున్నాను. గిన్నె నింపి మిషను ముందు కూర్చుంటే, జాకెట్టుకి చేతులు అతికేలోపు గిన్నె ఖాళీ. తరవాత ఇంట్లోనే తడిపెయ్యడం మొదలుపెట్టాడు. పుట్టిన దగ్గర్నించీ గడప లోపల ఒక్క చుక్క పొయ్యనివాడు! అత్తమ్మ చీపురు పట్టుకుని "ముసిలోడివయ్యి బుద్ధి పోనాదిరా నీకు" అని కేకలేసారు. వాడు మంచం కిందకి దూరిపోయి సాయంత్రం దాకా తల బయట పెట్టలేదు. కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

ఒళ్ళు తగ్గిపోయింది, నోటి దగ్గర ఏదో పాడు వాసన. పైడన్న ఆటోలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఒడియా ఆవిడ, చిన్నవయసే, మెల్లిగా మాట్లాడుతుంది. వయసెంత అని అడిగితే నేను లెక్కెట్టుకుంటూంటే అత్తమ్మే అందుకున్నారు. "ఫైలిన్ తుపానొచ్చిన ఏడు పుట్టినాడమ్మా. మా పెరట్ల మామిడిసెట్టు కూలిపోతే, ఆ కొమ్మల కింద కుయ్యిమంటన్నాడు. తల్లి సచ్చిపోనాది. మా కొడుకు ఢిల్లి కొమ్మలు నరికి బయటికి తీసినాడు. ఒద్దురా, మనకే తినడానికి లేదు, కరెంటు లేదు అన్నాను. ఇన్నాడా! సొక్కాలో ఎట్టుకుని పడుకున్నాడు. ఆ తుపాను పేరే దీనికెట్టినాడు" అని మొత్తం కథ తెలుగులోనే చెప్పేసారు. డాక్టరమ్మకి ఎంత అర్థమైందో గానీ, చివరిదాకా విని, పైలిగాడి చెవి నిమిరింది.

రక్తపరీక్ష చేసి, రెండు కిడ్నీలూ ముప్పాతిక వంతు పోయాయని చెప్పింది. ముసలి కుక్కలకి, పిల్లులకి ఇది మామూలుగా వచ్చేదేనట. ఎక్కువ నీళ్ళు తాగడం, ఇంట్లో తడిపెయ్యడం అన్నీ దాని గుర్తులేనట. బుద్ధి పోయి కాదు. అది విని అత్తమ్మ మొహం చూడాలి మీరు. ఇది నయమయ్యే జబ్బు కాదు, జరుపుకొచ్చే జబ్బు అంది. కీళ్ళ నొప్పికి మామూలుగా ఇచ్చే మాత్ర ఇస్తే కిడ్నీలకి చెడు, ఇవ్వకపోతే కాళ్ళు లేవవు. అందుకని వేరే మందేదో కొంచెం కొంచెం ఇచ్చింది. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలంది. ప్రతిసారీ క్లినిక్కుకి తేలేం కదా, నువ్వే నేర్చుకో 'మా' అంది నన్ను చూసి, ఒడియాలో తల్లీ అన్నట్టు.

నేనా! కొత్త కోడలిగా మీ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు నన్ను చూసి గుర్రుమన్నది ఎవరు? నేను గదిలోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే మీరు వాడి మెడ పట్టుకుని నిలబడేవారు. ఆ మెడ వెనక చర్మమే గుడారంలా పైకెత్తి, దాని కింద సూది గుచ్చాలి. మొదటిసారి సూది ఇటు దూరి అటు వచ్చేసి, సెలైనంతా నా చీర మీదే కారింది. వాడు మాత్రం కదల్లేదు. తల తిప్పి నన్నొకసారి చూసాడు, అంతే. అప్పటిదాకా వాడు మీ కుక్క. ఆ రోజునించి నా కుక్క కూడా.

తరవాత తరవాత చెయ్యి తిరిగింది. సెలైన్ సీసా కిటికీ ఊచకి వేలాడదీసేదాన్ని. అత్తమ్మ వాడి మూతి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేవారు. "కదలకురా, ఢిల్లి ఒస్తన్నాడు, నీకోసం బిస్కట్లు తెస్తాడు" అనేవారు. మీ పేరు వినపడితే చాలు, వాడి కుడిచెవి లేచేది. కళ్ళు సరిగా కనపడకపోయినా ఆ చెవి మాత్రం లేచేది.

తిండి దగ్గరే వచ్చింది గొడవ. సొరకాయ వేసి మెత్తగా వండిన అన్నం, గుడ్డులో తెల్లసొన, ఉప్పు అసలు వద్దు. వాడు మూతి చిట్లించుకుని ఏదో తినేవాడు. ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే నెత్తళ్ళ ఎండు చేపల తలకాయలు దొరికాయి. అత్తమ్మ నాకు తెలియకుండా పెడుతున్నారు. ఈ ఇంటికి వచ్చాక అత్తమ్మ మీద నేనెప్పుడూ గొంతెత్తలేదు, మీకు తెలుసు. ఆ రోజు ఎత్తాను. "అది వాడికి విషం అత్తమ్మా! మీరే చంపేస్తారా వాణ్ణి?" అనేసాను. ఆవిడ చేతిలో చేట కింద పెట్టి, "నువ్వు మందులిచ్చి బతికించు. నాను ఆడికి బతకాలనిపించేటట్టు ఏదో ఒకటెడతన్నాను" అన్నారు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆవిడే సొరకాయ తరిగి ఇచ్చారు. ఇద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అలా కొన్నాళ్ళు కుదుటపడ్డాడు. మీరు ఫోన్ చేసినప్పుడు గేటు దాకా వెళ్ళాడని చెప్పానే, అబద్ధం కాదు. వెళ్ళాడు, పాలబండిని చూసి అరిచాడు కూడా. గొంతు బొంగురుపోయింది గానీ అరిచాడు. శ్రావణంలో మీరొస్తారని, వాడు మిమ్మల్ని చూస్తాడని నేను నిజంగానే నమ్మాను. "నేనొచ్చేదాకా ఉంచు విజయా" అంటే "ఉంచుతాను" అని మాటిచ్చింది ఆ నమ్మకంతోనే.

జ్యేష్ఠం వచ్చాక తిరగబడింది. తిన్నది వాంతి. తరవాత తినడమే లేదు. నోట్లో పుళ్ళు. నీళ్ళ గిన్నె ముందు కూర్చుని, తాగాలని ఉండి, నాలిక పెట్టగానే మంట పుట్టి వెనక్కి లాక్కునేవాడు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసారి ఆవిడ రిపోర్టు చూసి మడిచి పక్కన పెట్టేసింది. "ఇంక పథ్యాలొద్దు మా. వాడికేది ఇష్టమో అదే పెట్టు" అంది.

ఇంటికొచ్చి అత్తమ్మతో "నెత్తళ్ళు కాల్చండి" అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. సంతోషించనూ లేదు. కుంపటి వెలిగించి, కాల్చి, తలలు తీసి, చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో తెచ్చారు. పైలిగాడు వాసన చూసాడు. అత్తమ్మ చెయ్యి ఒకసారి నాకాడు. తరవాత గోడవైపు తల తిప్పేసుకున్నాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అత్తమ్మ అక్కడే కూర్చుండిపోయారు. నేను మిషను దగ్గరికి వెళ్ళిపోయాను గానీ ఆ వేళ ఒక్క కుట్టు తిన్నగా పడలేదు.

రజో దగ్గరకొచ్చింది. డాక్టరమ్మ పండక్కి కటక్ అవతల తన ఊరు వెళ్తానని, వచ్చేదాకా క్లినిక్ ఉండదని చెప్పింది. "వాడికి బాగా ఇష్టమైన మూడు పనులు చెప్పు" అని అడిగింది. పాలబండి మీద అరవడం, ఎండు చేప, మా ఆయన పాత యూనిఫాం చొక్కా మీద పడుకోవడం అన్నాను. "ఇప్పుడు అందులో ఎన్ని చేస్తున్నాడు?" అంది. మూడోది ఒక్కటే. అదీ పడుకోవడం కాదు, పడి ఉండడం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "తాకు బహుత్ కష్ట హెఉచి, మా" అంది, వాడికి చాలా కష్టంగా ఉంది తల్లీ అని. ఇష్టమైతే ఇంజక్షనిచ్చి నిద్రపుచ్చేస్తాను, నొప్పుండదు, ఇంటికే వస్తాను, కానీ ఊరెళ్ళేలోపు చెప్పు అంది.

"మా ఆయన శ్రావణంలో వస్తారు. అప్పటిదాకా ఆపలేమా?" అని అడిగాను.

వేరే డాక్టరు దగ్గర పెట్టి, రోజంతా రక్తనాళంలోకి సెలైన్ ఎక్కిస్తూ ఉంటే కొన్నాళ్ళు లాగొచ్చు, శ్రావణం దాకా అని మాత్రం చెప్పలేను అంది. "లాగడం ఎవరికోసమో ఆలోచించుకో మా" అని కూడా అంది. కటువుగా కాదు. తన సొంత చెల్లెలితో అన్నట్టే అంది.

ఇంటికొచ్చి అత్తమ్మకి చెప్పాను. ఆవిడ ససేమిరా అన్నారు. "పేణం ఇచ్చినోడే తియ్యాల. మనమెవులమే? ఇంటి కుక్కని సంపించినారంటారు. ఆడు పోయేటప్పుడు ఆడే పోతాడు" అన్నారు. నేను కాదనలేదు. నాకూ ఆ మాటే హాయిగా అనిపించింది, నిజం చెబుతున్నాను. ఏమీ చెయ్యక్కర్లేకపోతే బాగుండునని ఉంది. మీకు ఫోన్ చేసి అడుగుదామంటే మీకు మేం చేసే దారి లేదు, మీరు చేస్తేనే. ఆ వారం మీ నుంచి ఫోన్ రాలేదు. అక్కడ మంచు తుపానని టీవీలో చూసాను. అదొక బెంగ.

పండక్కి ముందురోజు తెల్లారేసరికి ఇది జరిగింది. నేను గిన్నెలు తోముతున్నాను. అత్తమ్మ పిలుపు వినపడింది, "విజియా! ఓలమ్మ విజియా!" అని. పరిగెత్తాను. పైలిగాడు రాత్రి పడుకున్నచోట లేడు. బయటికి వెళ్ళి పోసుకుందామని లేచినట్టున్నాడు, ముందు కాళ్ళతో పాక్కుంటూ వాకిలి దాకా వచ్చి, గడప దాటలేక అక్కడే తడిపేసుకుని, అందులోనే జారిపడి ఉన్నాడు. లేవబోతాడు, జారతాడు. లేవబోతాడు, జారతాడు. మమ్మల్ని చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టాడు, తప్పైపోయింది అన్నట్టు. తరవాత మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

నేను గుడ్డ తెచ్చి తుడుస్తున్నాను. అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నారు. వాడి తల తన ఒళ్ళోకి లాక్కున్నారు. అప్పుడన్నారు. "సిగ్గుపడతన్నాడే ఆడు."

నేను గుడ్డ పిండి మళ్ళీ తుడిచాను.

"మొన్న సలికాలం నాకు జొరమొచ్చినప్పుడు నాను పక్క తడిపీసినాను. తెల్సా నీకు ఎంత సిగ్గేసినాదో? నువ్వు ఏటీ అనకుండా దుప్పటి మార్చీసినావు. ఢిల్లికి కూడా సెప్పలేదు. నాను నోరున్నదాన్ని, నీకు దణ్ణమెట్టుకున్నాను మనసులో. ఈడికి నోరు లేదు గదే." కొంచెం ఆగి, "ఆ డాక్టరమ్మ ఊరెల్లిపోనాదా?" అని అడిగారు.

"మధ్యాహ్నం బస్సుకి వెళ్తారు."

"ఐతే రమ్మను."

అత్తమ్మ ఒప్పుకున్నారు కదా అని ఆవిడ మీద పెట్టెయ్యను. ఫోన్ చేసింది నేను. రమ్మన్నది నేను. డాక్టరమ్మ వచ్చాక "ఖాయమేనా?" అని అడిగింది నన్నే. నేనే తలూపాను. ఏవండీ, మీరు రాసిన "ఎలాగైనా" నాకప్పటికి అందలేదు. అంది ఉన్నా నేను అదే చేసేదాన్నేమో. ఆపాలని పట్టుబడితే ఇంకొన్నాళ్ళు ఆపగలిగేదాన్ని. ఆపలేదు. మాటిచ్చి కూడా మీరొచ్చేదాకా ఆగలేదు. మన పైలిగాడు లేడు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. మీరూ చదవడం ఆపి, కాసేపు బయట నిలబడి రండి. మిగతాది ఆ తరవాత చదవండి.

వాకిట్లో, మీ పాత చొక్కా మీదే పడుకోబెట్టాం. శుభ్రంగా ఒళ్ళు తుడిచాను, చెవులు తుడిచాను. డాక్టరమ్మ ముందు ఒక ఇంజక్షనిచ్చింది, అది నిద్రకి. కాసేపట్లో ఊపిరి నెమ్మదించింది. ఎన్నాళ్ళుగానో వంకర పెట్టుకుని ఉంచిన నడుము అప్పుడు వదులైంది. అంత నొప్పి దాచుకున్నాడని అప్పుడు తెలిసింది నాకు. "ఇప్పుడు రెండోది. ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పు, ఇంకా వినపడుతుంది" అంది ఆవిడ.

వాడు ఎవరికోసం చూస్తున్నాడో తెలుసు. పెళ్ళైన దగ్గర్నించీ మీ పేరు నా నోటితో పలికినదాన్ని కాదు. రేషన్ ఆఫీసులో అడిగినా కాగితం చూపించినదాన్నే. వాడి కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "ఒరే పైలీ, ఢిల్లి వచ్చాడురా" అన్నాను.

చెవి లేచింది. పూర్తిగా కాదు, కొస మాత్రం. తరవాత డాక్టరమ్మ చెయ్యి కదిలింది. ఇంకేమీ లేదు. ఇంత తేలిగ్గానా అనిపించింది.

చివరి మాట అబద్ధం చెప్పాను వాడికి. పాపమో పుణ్యమో నాకు తెలీదు. అత్తమ్మ పక్కనే ఉండి విన్నారు, మీ పేరు పలికినందుకు ఏమీ అనలేదు. వాడి కళ్ళు మూయబోతే మూతపడలేదు, కుక్కలకంతేనట. అత్తమ్మ తన కొంగు కొస తీసి కప్పారు.

ఎక్కడ పూడ్చడం? మన పెరడంతా సిమెంటు. పైగా తెల్లారితే రజో, ఆ మూడు రోజులూ భూమిని తవ్వకూడదు, నాగలి కూడా ముట్టరు. దిగపహండి దగ్గర మీ అసిరయ్య మామయ్యకి ఫోన్ చేసాను. సంగతి విని, "తీసుకొచ్చీండమ్మా, పొద్దుండగానే రండి, మా పొలంలో మొగలికంచె పక్కన గొయ్యి తీసి ఉంచుతాను" అన్నారు. పైడన్న ఆటో వెనక సీటు మీద గోనె పరిచాడు. వాడు మా ఒళ్ళో ఉన్నంతసేపూ ఆటో గోతుల్లో పడకుండా ఎంత మెల్లిగా నడిపాడంటే వెనక బస్సులవాళ్ళు తిట్టారు. తిట్టనీ అన్నాడు. మేం వెళ్ళేసరికి మామయ్య నడుములోతు గొయ్యి తీసి చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. నక్కలు తియ్యకుండా పైన రాళ్ళు పేర్చారు. చొక్కా మీకు దాచి ఉంచుదామనుకున్నాను గానీ వాడి ఒంటిమీంచి తియ్యబుద్ధి కాలేదు. దానితోనే పంపేసాం.

పండగ నాడు మీరు ఫోన్ చేసారు. మంచు తెరిపిచ్చిందని సంతోషంగా ఉన్నారు. "పైలిగాడేం చేస్తున్నాడు?" అంటే "పడుకున్నాడు" అన్నాను. మీరు నవ్వి, "పడుకోనీ, లేపకు" అన్నారు. ఫోన్ పెట్టేసాక అత్తమ్మ నన్ను చూసి, "ఉత్తరం రాసీ. ఇలాటిది గాలిలో సెప్పకూడదు" అన్నారు. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మీకు కోపం వస్తే రానివ్వండి. వాణ్ణి కొమ్మల కిందనించి తీసింది మీరు, చివరికి పంపింది నేను. మిమ్మల్ని అడక్కుండా పంపాను. తప్పు చేసానని మాత్రం అనుకోవడం లేదు. అనుకుందామని ప్రయత్నించాను, వాడు వాకిట్లో జారడం గుర్తొచ్చి అనుకోలేకపోయాను.

ఇంకొక సంగతి ఉంది. అసలు ఈ ఉత్తరం దానికోసమే రాస్తున్నానేమో.

రజో రెండో రోజు. వీధిలో ఊయలలు, పాటలు. పక్కింటివాళ్ళు పండగ పిండివంట పొడొ పిఠా పంపారు, మేం ముట్టలేదు. మధ్యాహ్నం అత్తమ్మ తలకి నూనె రాయమన్నారు. గుమ్మంలో ఆవిడ కింద మెట్టు మీద, నేను పై మెట్టు మీద. వెనక్కి తిరక్కుండానే మొదలెట్టారు.

"విజియా, నాకూ ఒక రోజొస్తాది."

"ఇప్పుడెందుకత్తమ్మా ఆ మాటలు?"

"ఇప్పుడే సెప్పాల. మతిలో ఉన్నప్పుడే సెప్పాల. నన్ను సూదెట్టి పంపీమని అడగనులే, మనుసులకి అలాగ ఎయ్యరని నాకు తెల్సు. నానడిగేది ఏటంటే, బాగయ్యే జబ్బైతే వైజ్జిగం సేయించు, మాత్రలన్నీ మింగుతాను. బాగవదని డాక్టరు సెప్పీసినాక, నా కొడుకొచ్చేదాకా అని గొట్టాలెట్టి, అద్దాల గదిలో పడుకోబెట్టి ఆపకు. ఇంటికి తెచ్చీ. నొప్పి తెలకుండా ఏదుంటే అదియ్యి. తడిపితే తుడువు. నువ్వు పక్కనుండు, సాలు. ఆడికి సెలవు దొరకదు, దొరికినా రైలు అందదు. అందకపోతే నా కొడుకు నామీద కోపం పెట్టుకోడు. నువ్వు ఆడి పేరు సెవిలో సెప్పీ. నీ నోటంట ఇంటే నాకు సరిపోద్ది."

నూనె చెయ్యి అక్కడే ఆగిపోయింది. "రాయవే, ఆపినావేటి?" అన్నారు. రాసాను. మాటివ్వమన్నారు. ఇచ్చాను.

ఆవిడకి ఇప్పుడేమీ లేదు. బీపీ బాగుంది, షుగరు అదుపులో ఉంది, పొద్దున్నే చేపలామెతో అరగంట బేరమాడారు. కంగారు పడకండి. కానీ మీ అమ్మ విషయంలో ఇంత పెద్ద మాట మీకు తెలియకుండా నా ఒక్కదాని దగ్గర ఉండకూడదు. రేపు ఆ రోజు వచ్చి, నేను ఇంటికి తెచ్చేద్దాం అంటే మీ చుట్టాలు నన్ను అంటారు, కొడుకు రాకుండా కోడలే తేల్చేసింది అని. వాళ్ళనుకున్నా పర్వాలేదు. మీరనుకుంటే మాత్రం నేను నిలబడలేను.

అందుకని శ్రావణంలో మీరొచ్చినప్పుడు ముందు స్నానం చేసి, అన్నం తినండి. తరవాత అత్తమ్మ పక్కన కూర్చోండి. ఆవిడ నోటితోనే ఆ మాట వినండి. "అలాంటివి మాట్లాడకమ్మా" అని మధ్యలో ఆపకండి. నేను కూడా మొదట అదే అన్నాను, అందరం అదే అంటాం. ఆవిణ్ణి చివరిదాకా చెప్పనివ్వండి. విన్నాక మీకు ఏడుపొస్తే పెరట్లోకి రండి, నేనక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇంటావిడ
విజయకుమారి